వియత్నాంలో ఫో ఎలా తినాలి: వీధి హోటల్లో మొదటి గిన్నె

వియత్నాం ఇప్పుడు మనకు దూరాభారం కాదు. హైదరాబాద్ నుంచి హో చి మిన్ సిటీకి నేరుగా విమానం ఉంది, నాలుగైదు గంటల్లో దిగిపోవచ్చు. దిగిన మర్నాడు పొద్దున్నే చాలామంది వెతుక్కునేది ఫో హోటల్. ఎముకల సూప్‌లో బియ్యపు నూడుల్స్, పైన పల్చటి మాంసం ముక్కలు, ఉల్లికాడలు: ఆ దేశపు టిఫిన్ అది. తీరా గిన్నె ముందుకు రాగానే బల్ల మీదున్న నల్ల సాసు, ఎర్ర సాసు, నిమ్మకాయ, మిరపకాయలు అన్నీ అందులో పడేసి కలిపేస్తారు. రెండు చెంచాలు తాగి, తియ్యగా పుల్లగా ఏదోలా ఉందంటూ పక్కకు నెట్టేస్తారు. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. గంటల తరబడి మరిగిన సూప్ అసలు రుచి వాళ్ల నాలుక దాకా వెళ్లనే లేదు.

ఫో వండేవాళ్లు ముప్పాతిక పని తాము చేసి, మిగతా పావు తినేవాళ్ల చేతికి వదులుతారు. బల్ల మీద అంత సరంజామా ఉండేది అందుకే. ఆ పావు పనిని ఏ వరుసలో చేయాలో తెలిస్తే చాలు. జనం ఇప్పటికీ సైగాన్ అనే పిలుచుకునే హో చి మిన్ సిటీ పద్ధతి ముందు చెబుతాను. ఉత్తరాన ఉన్న రాజధాని హనోయ్ వెళ్లేవాళ్లకు తేడాలు ఆ తర్వాత.

ముందు హోటల్ ఎంచుకోండి

పొద్దున్నే వెళ్లండి. సైగాన్‌లో ఫో రోజంతా దొరుకుతుంది, కొన్నిచోట్ల అర్ధరాత్రి దాకా కూడా. కానీ అది ప్రధానంగా ఉదయపు తిండి. ఆఫీసులకు వెళ్లేవాళ్లు, బడిపిల్లలు, మార్కెట్ పని ముగించుకుని వచ్చినవాళ్లు పక్కపక్కనే కూర్చుని తినే వేళ అది.

బోర్డు మీద ఇంగ్లిష్ అక్షరాల్లో పి, హెచ్, ఓ కనిపిస్తాయి. ఓ మీద చిన్న కొక్కెం, దాని భుజాన చిన్న కొమ్ము ఉంటాయి. మనం ఫో అని రాసుకుంటున్నాం గానీ, అక్కడ పలికేది ‘ఫ’ని కాస్త సాగదీసి, ప్రశ్న అడిగినట్లు గొంతు లేపి. ఆ మాట పక్కన ‘బో’ అని ఉంటే గొడ్డుమాంసం, ‘గా’ అని ఉంటే కోడి.

వీధి వైపు తిరిగిన వంటబల్ల, దాని మీద ఆవిరి కక్కే పెద్ద గుండిగ, ముందు వరుసగా ఆపిన మోటారు సైకిళ్లు ఉన్న చోట ధైర్యంగా కూర్చోండి. నలభై వంటకాల రంగు ఫొటోలతో మెనూ చేతికిచ్చే చోట నేనైతే ఫో అడగను. ఒకే వంటకాన్ని ఏళ్ల తరబడి చేసేవాళ్ల సూప్‌కి ఉండే నిలకడ అలాంటి చోట దొరకదు. మంచి హోటళ్లను ఎంచి గుర్తింపునిచ్చే మిషెలిన్ గైడ్ 2023లో వియత్నాంలో అడుగుపెట్టింది. ఆ గుర్తింపు పలక కొన్ని ఫో హోటళ్ల గోడ మీదా కనిపిస్తుంది. అక్కడ బాగానే ఉంటుంది, కాకపోతే వరుసలో నిలబడే ఓపిక కావాలి. చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లు లీ చిన్ థాంగ్ వీధిలో 7వ నంబరు ఇంట్లోని ఫో బిన్ హోటల్‌కు వెళ్లవచ్చు. వియత్నాం యుద్ధంలో కమ్యూనిస్టు సేనలు 1968లో టెట్ (చాంద్రమాన కొత్త సంవత్సరం) పండుగ వేళ చేసిన దాడికి సైగాన్‌లో రహస్య ప్రణాళిక సాగింది ఆ హోటల్ పై అంతస్తులోనే.

కూర్చోవడం, పిలవడం

ఎవరో వచ్చి చోటు చూపిస్తారని గుమ్మంలో నిలబడకండి. ఖాళీగా ఉన్న స్టూలు లాక్కుని కూర్చోవడమే. మోకాళ్లు గడ్డానికి తగిలేంత పొట్టి ప్లాస్టిక్ స్టూళ్లు కూడా ఉంటాయి. పెద్దవాళ్లు వెంట ఉంటే మామూలు ఎత్తు బల్లలున్న హోటల్ చూసుకోవడం మంచిది. బల్ల మీద ఇంకొకరు తింటున్నా ఖాళీ చోటులో కూర్చోవచ్చు.

పిలవడం తెలుగువాళ్లకు సులువు. అపరిచితులను వరసపెట్టి పిలిచే అలవాటు వాళ్లకూ ఉంది. మీకన్నా చిన్నవాళ్లయితే ‘ఎమ్ ఓయ్’, కొంచెం పెద్ద మగవాడైతే ‘అన్ ఓయ్’, కొంచెం పెద్ద ఆవిడైతే ‘చి ఓయ్’. మీ అమ్మానాన్నల ఈడు వాళ్లను ‘కో ఓయ్’, ‘చు ఓయ్’ అనాలి. గొంతెత్తి పిలిస్తే తప్పుపట్టరు. మొహమాటపడి కూర్చుంటేనే ఆకలితో ఉండిపోవాల్సి వస్తుంది.

ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు

గొడ్డుమాంసం తినేవాళ్లకు: ‘తాయ్’ అంటే పచ్చి మాంసపు పల్చటి పొరలు, గిన్నెలో వేడి సూప్ పోసినప్పుడే ఉడుకుతాయి. ‘చిన్’ అంటే బాగా ఉడికించినది. ‘నామ్’ పొట్ట భాగం, ‘గన్’ కండను ఎముకకు కట్టే గట్టి నారలు (టెండన్), ‘బో వియెన్’ మాంసపు ఉండలు. మొదటిసారైతే తాయ్, నామ్ కలిపి అడగండి. మెత్తన, గట్టి రెండూ ఒకే గిన్నెలో వస్తాయి. ‘డాక్ బియెత్’ అన్నారంటే అన్ని రకాలూ వేసిన పెద్ద గిన్నె వస్తుంది, అందులో పశువు జీర్ణాశయపు పొర (ట్రైప్) కూడా ఉండవచ్చు. తెలిసి అడగండి.

గొడ్డుమాంసం తిననివాళ్లు కోడి ఫో ఒక్కటే వండే హోటల్‌కు వెళ్లడమే సరైన దారి. రెండూ అమ్మే చోట కోడి ముక్కలు వేసినా, కింద పోసే సూప్ గొడ్డు ఎముకలదే కావచ్చు. కోడి ఫో ప్రత్యేకంగా చేసేచోట సూప్ కోడి ఎముకలతో కాస్తారు. తేలికగా, పల్చగా, లేత పసుపు నూనె చుక్కలతో ఉంటుంది. కొన్నిచోట్ల వెంట్రుకంత సన్నగా తరిగిన నిమ్మాకులు పైన చల్లుతారు. ఆ వాసన నాకు ప్రాణం. కోడి ఫోని రెండో తరగతి వంటకంగా చూసేవాళ్లతో నేను ఒప్పుకోను.

శాకాహారులు మరింత జాగ్రత్తగా ఉండాలి. మాంసం ముక్కలు తీసేసి ఇవ్వమంటే ఇస్తారు, కానీ సూప్ ఎముకలది, దాంట్లో చేపల సాసు కూడా పడుతుంది. ‘చై’ అనే మాట నేర్చుకోండి. ‘తోయ్ ఆన్ చై’ అంటే నేను శాకాహారం తింటాను అని. బౌద్ధ సంప్రదాయపు శాకాహార హోటళ్లు వియత్నాంలో ఊరూరా ఉన్నాయి, బోర్డు మీద ఆ మాటే రాసి ఉంటుంది. ముల్లంగి, క్యారెట్, పుట్టగొడుగులతో కాచిన సూప్‌లో టోఫు వేసిన ఫో అక్కడ నిశ్చింతగా తినవచ్చు. చాంద్రమాన నెలలో ఒకటో తేదీ, పదిహేనో తేదీ, అంటే దాదాపు మన అమావాస్య, పౌర్ణమి రోజుల్లో, చాలామంది బౌద్ధులు మాంసం మానేస్తారు. ఆ రోజుల్లో శాకాహార హోటళ్లు కిటకిటలాడతాయి. కొందరు ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు.

ఏదైనా వద్దనడానికి దాని పేరుకు ముందు ‘ఖొంగ్’ చేర్చండి. ‘ఖొంగ్ తిత్ బో’ అంటే గొడ్డుమాంసం వద్దు. ‘ఖొంగ్ హాన్’ అంటే ఉల్లి వద్దు. వేరుశనగ పడనివాళ్లు ఆ మాటను వియత్నామీస్‌లో ఫోన్‌లో రాసి చూపించడమే క్షేమం. ఫోలో వేరుశనగ వేయరు గానీ, పక్క వంటకాల్లో తరచుగా ఉంటుంది.

గిన్నె వచ్చేలోగా

చాప్‌స్టిక్‌లు, చెంచాలు బల్ల మీద డబ్బాలో ఉంటాయి. వాటిని కాగితంతో ఒకసారి తుడుచుకోవడం అక్కడ అందరూ చేసేదే. కవరులో చుట్టిన తడి తువ్వాలు పెడితే, విప్పితే కొద్ది డబ్బు బిల్లులో కలుస్తుంది. వద్దనుకుంటే ముట్టుకోకండి. ఐసు వేసిన పల్చటి టీని ‘ట్రా డా’ అంటారు. చాలాచోట్ల ఉచితం, లేదా నామమాత్రపు ధర.

ఆకుల పళ్లెం వస్తుంది. ఊదా కాడలున్నవి తులసి జాతి ఆకులు, సోంపు వాసన వస్తాయి. వేలెడు పొడవున రంపపు పళ్ల అంచులున్నవి అడవి కొత్తిమీర, వాసన మామూలు కొత్తిమీర కన్నా ఘాటు. వాటి పక్కన పెసర మొలకలు, నిమ్మ చెక్కలు, మిరప చక్రాలు. ఆ మొలకలు పచ్చివి, చల్లనివి. గిన్నెలో గుప్పెడు వేశారంటే సూప్ చల్లబడిపోతుంది. అందుకే ఇప్పుడే ‘యా ట్రుంగ్’ అని అడగండి. మరిగే నీళ్లలో ఒక్కసారి ముంచి వేరే చిన్న గిన్నెలో ఇస్తారు.

ఆ తర్వాత వంటబల్ల వైపు చూస్తూ కూర్చోండి. గుప్పెడు నూడుల్స్‌ని పొడుగు పిడి జాలీ బుట్టలో వేసి, వేడినీళ్లలో కొన్ని క్షణాలు ముంచి, రెండుసార్లు గట్టిగా విదిలించి గిన్నెలో బోర్లిస్తారు. ఎర్రటి మాంసపు పొరలను బల్ల మీద పరిచి, కత్తి వెడల్పు వైపుతో ఒక్క దెబ్బ వేసి, అదే కత్తితో ఎత్తి నూడుల్స్ మీదికి జార్చుతారు. ఉల్లికాడలు, పల్చటి ఉల్లి చక్రాలు పడతాయి. చివరగా గుండిగలోంచి పెద్ద గరిటెతో సూప్. సూప్ తగిలిన చోట మాంసం ఎరుపు మన కళ్ల ముందే గులాబీకి, గులాబీ నుంచి బూడిద రంగుకు తిరుగుతుంది. గిన్నె మీ బల్లకు వచ్చేసరికి ఆ మార్పు ఇంకా సాగుతూనే ఉంటుంది.

గిన్నె వచ్చాక

చేతులు కట్టుకోండి. ఏమీ వేయకండి. ముందు ముఖం వంచి ఆవిరి పీల్చండి. అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగాలు, నల్ల యాలకులు, ధనియాలు: మన బిర్యానీలో పడే దినుసులే చాలావరకు అందులోనూ ఉన్నాయి. నిప్పు మీద నల్లగా కాల్చిన అల్లం, ఉల్లిగడ్డ వాసన వాటి వెనక వస్తుంది. కానీ కారం, పసుపు లేవు. దినుసులు సువాసన మేరకే ఉంటాయి, నాలుక మీద పేరుకోవు.

ఇప్పుడు చెంచాతో సూప్ ఒక్కటే తాగండి. ఆగి ఇంకో చెంచా. మొదటిది వేడి తెలుసుకోవడానికే సరిపోతుంది, రుచి తెలిసేది రెండో చెంచాలో. ఉప్పు ఎంత ఉంది, తీపి ఎంత ఉంది, ఎముకల చిక్కదనం పెదాలకు అంటుతోందా అని గమనించండి. సైగాన్ ఉన్న దక్షిణాదిలో కలకండ వేస్తారు కాబట్టి కొంచెం తీపి సహజం. ఈ రెండు చెంచాల మీదే ఆ తర్వాత చేసేదంతా ఆధారపడి ఉంటుంది. సూప్ ఇప్పటికే సరిగ్గా ఉందనిపిస్తే నిమ్మ, ఆకులు చాలు. చప్పగా ఉంటేనే చేపల సాసు రెండు చుక్కలు.

తర్వాత అడుగు నుంచి నూడుల్స్‌ని చాప్‌స్టిక్‌లతో పైకెత్తి విడదీయండి, లేకపోతే ఉండకడతాయి. పచ్చిగా ఉన్న మాంసం పొరలను సూప్‌లోకి నొక్కితే ఉడికిపోతాయి. తాయ్ ఎక్కువసేపు సూప్‌లో ఉంటే గట్టిపడుతుంది, దాన్ని ముందుగా తినేయండి.

నిమ్మ చెక్క ఒక్కటి పిండండి. కలిపి, రుచి చూసి, కావాలంటే ఇంకోటి. మిరపకాయల విషయంలో మన కారం అలవాటును నమ్ముకోకండి. అవి చిన్నవైనా మంట గట్టిది, పైగా గంటల తరబడి ఊరిన దినుసుల వాసనను మింగేస్తాయి. రెండు చక్రాలు వేసి, కాసేపాగి చూడండి.

ఆకులు కాడల నుంచి తుంచి, చేత్తో చింపి, కొద్దికొద్దిగా వేస్తూ ఉండండి. మొత్తం పళ్లెం ఒకేసారి కుమ్మరిస్తే అన్నీ వడలి ఒకే పచ్చి వాసనగా మిగులుతాయి. నాలుగు ఆకులు వేసి నాలుగు ముద్దలు తిని, మళ్లీ నాలుగు వేస్తే గిన్నె చివరి దాకా ఆకు తాజాగానే ఉంటుంది. సైగాన్ ఫోలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే: ప్రతి ముద్దా కొంచెం వేరుగా ఉంటుంది, అది మీ చేతిలో ఉంటుంది.

ఇక సాసులు. నల్లగా చిక్కగా ఉన్నది సోయాతో చేసిన తియ్యటి హోయిసిన్, పక్కది ఎర్ర మిరప సాసు. బల్ల మీద చిన్న పళ్లేలు ఉంటాయి. వాటిలో రెండూ పక్కపక్కన పిండుకుని, మాంసం ముక్కను అద్దుకుని తినండి. గిన్నెలో నేరుగా పిండుకునే స్థానికులూ ఉన్నారు, అది వాళ్ల ఇష్టం. మీకూ అలా చేయాలనిపిస్తే కనీసం సగం గిన్నె అయ్యాక చేయండి. అప్పటికి సూప్ అసలు రుచి మీకు తెలిసిపోయి ఉంటుంది.

కుడిచేతిలో చాప్‌స్టిక్‌లు, ఎడమచేతిలో చెంచా. నూడుల్స్ కొంచెం ఎత్తి చెంచాలో దించుకుని, పైన ఒక మాంసం ముక్క, ఒక ఆకు పెట్టుకుని, కింద కాస్త సూప్‌తో కలిపి ఒకే ముద్దగా తినండి. చాప్‌స్టిక్‌లు చేతకాకపోతే ‘నియా’ అని అడిగితే ఫోర్కు ఇస్తారు, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఒకటి మాత్రం మరిచిపోవద్దు: చాప్‌స్టిక్‌లను గిన్నెలో నిలువుగా గుచ్చి వదలకండి. చనిపోయినవారికి వెలిగించే అగరొత్తుల్లా కనిపిస్తాయి, పక్కవాళ్ల మనసు నొచ్చుకుంటుంది. గిన్నె మీద అడ్డంగా పెట్టండి.

ఫొటోలు ఒకటి రెండు చాలు. బియ్యపు నూడుల్స్ నానుతూ ఉబ్బుతాయి. పది నిమిషాలు కబుర్లలో పడితే సూప్ తగ్గి, నూడుల్స్ మెత్తబడి, వేరే వంటకం తిన్నట్లే.

హనోయ్‌లో అయితే

పైన చెప్పినదాంట్లో సగం అక్కడ వర్తించదు. ఫో పుట్టింది ఉత్తరాన, నామ్ డిన్, హనోయ్ ప్రాంతాల్లో, 20వ శతాబ్దం తొలినాళ్లలో. ఫ్రెంచివాళ్ల వల్ల గొడ్డుమాంసం వాడకం పెరిగి, ఎముకలు చవగ్గా దొరికేవి. కావడికి ఒక వైపు గుండిగ, ఇంకో వైపు నూడుల్స్, గిన్నెలు పెట్టుకుని వీధుల్లో తిరిగి అమ్మేవారు. 1954లో దేశం రెండుగా విడిపోయినప్పుడు లక్షలాది మంది ఉత్తరాది నుంచి దక్షిణాదికి వలస వెళ్లారు. ఫో వాళ్లతోపాటు ఊరూరా వ్యాపించింది. ఆకుకూరలు, మొలకలు విస్తారంగా దొరికే చోట, తీపి ఇష్టపడే జనం మధ్య అది మారింది. ఆకుల పళ్లెం, హోయిసిన్ సాసు అలా బల్ల ఎక్కాయి.

హనోయ్ గిన్నె పొదుపైనది. తేటగా, ఉప్పగా ఉండే సూప్, వెడల్పు నూడుల్స్, నిండా ఉల్లికాడలు, అంతే. ఆకుల పళ్లెం రాదు, హోయిసిన్ అడగకండి. వెల్లుల్లి రేకలు నానబెట్టిన వెనిగర్ సీసా ఉంటుంది, నిమ్మకు బదులు దాన్ని అర చెంచా వేసి చూడండి. ‘క్వాయ్’ అనే వేయించిన పిండి కడ్డీలు తప్పక తెప్పించుకోండి. ముక్కలు చేసి సూప్‌లో ముంచి, మెత్తబడిపోకముందే నోట్లో వేసుకోవాలి. చాలా హోటళ్లలో సరుకు అయిపోగానే పొద్దున పదింటికల్లా మూసేస్తారు. బాట్ డాన్ వీధి 49వ నంబరులోని పేరున్న హోటల్‌లో వరుసలో నిలబడి, ముందే డబ్బు కట్టి, గిన్నె మీరే మోసుకుని బల్ల వెతుక్కోవాలి. అంచు దాకా నింపుతారు, రెండు చేతులతో పట్టుకోండి. హనోయ్, నామ్ డిన్ ఫోలు రెండిటినీ వియత్నాం 2024లో జాతీయ అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇంకో రోజు ఉంటే ఫోతోనే ఆగకండి. హుయే నగరపు బున్ బో నిమ్మగడ్డి, రొయ్యల ముద్దతో కారంగా ఉంటుంది. మన నాలుకకు దగ్గరైనది అదే, కాకపోతే అందులో గొడ్డు, పంది మాంసాలు రెండూ ఉంటాయి. హనోయ్ మధ్యాహ్నపు తిండి బున్ చా, బొగ్గుల మీద కాల్చిన పంది మాంసంతో. 2016లో అప్పటి అమెరికా అధ్యక్షుడు ఒబామా ఆ ఊళ్లో పొట్టి స్టూలు మీద కూర్చుని తిన్నది దాన్నే.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు

1975 తర్వాత శరణార్థులుగా వెళ్లిన వియత్నాం కుటుంబాలు శాన్ హోసే, హ్యూస్టన్, దక్షిణ కాలిఫోర్నియా ఊళ్లలో ఫో హోటళ్లు తెరిచాయి. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే చోట్లూ అవే. అక్కడ దొరికేది చాలావరకు సైగాన్ పద్ధతి, కాబట్టి పైన చెప్పిన వరుస యథాతథంగా పనికొస్తుంది. మెనూలో ఒక్కో రకానికి ఒక నంబరు ఉంటుంది, ఆ నంబరు చెబితే చాలు. శాకాహారులకు ఒక హెచ్చరిక: కూరగాయల ఫో అని రాసి ఉన్నా, సూప్ మాంసానిదే పోసే హోటళ్లు ఉన్నాయి. ముక్కల గురించి కాకుండా సూప్ దేనితో కాచారని అడగండి.

డబ్బు కట్టేటప్పుడు

‘తిన్ తియెన్’ అంటే బిల్లు లెక్క కట్టమని. మీరు తిన్న క్వాయ్, విప్పిన తడి తువ్వాలు, తాగిన టీ బల్ల మీదే లెక్కపెట్టి చెబుతారు. మామూలు హోటల్లో గిన్నె ధర దాదాపు 50,000 నుంచి 90,000 డాంగ్‌ల దాకా ఉంటుంది. రూపాయికి సుమారు 300 డాంగ్‌లు అనుకుంటే 170 నుంచి 300 రూపాయలు. టిప్పు ఆశించరు. నగదు దగ్గర ఉంచుకోండి, విదేశీ కార్డులు చెల్లే చోట్లు తక్కువ.

నోట్లు ఇచ్చేటప్పుడు సున్నాలు చూసుకోండి. 20,000 నోటు, 500,000 నోటు రెండూ నీలం ఛాయలో, ప్లాస్టిక్‌తో ఉంటాయి. తొందరలో ఒకటికి బదులు ఇంకోటి చేతిలోంచి వెళ్లిపోతుంది. పొద్దున బయల్దేరే ముందే పెద్ద నోటును పర్సులో వేరే అరలో పెట్టుకుంటే ఆ గందరగోళం ఉండదు, పొద్దుపొద్దున్నే చిల్లర కోసం హోటల్‌వాళ్లను ఇబ్బంది పెట్టే అవసరమూ రాదు.